రండి, తిందాం

మా దీవి మొత్తం మీద దెయ్యమంటే భయం లేని మగాడు ఒక్కడే ఉన్నాడు. వాడు నేనే. మా ఇంటి ముందున్న ముత్తాత సమాధి మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆయన నాటిన చెట్టు మామిడికాయలే ఉప్పద్దుకుని తిన్నవాణ్ణి. మంచి ఎండలో అనుకోండి. పక్కన మా అక్క కూడా ఉంది. లోపల పనుందని అక్క లేచింది. ఆమె గుమ్మం చేరేసరికి నేను లోపల చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాను.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం పారిపోవడానికి వీల్లేని చోట జరిగింది. అదీ నా బాధ.

నా పేరు ఫెరేటి. పాతికేళ్ళు దాటాయో లేదో మూత్రపిండాలు రెండూ నాకు మాటమాత్రం చెప్పకుండా పని మానేశాయి. అందుకని వారానికి మూడు సాయంత్రాలు అపియా ఊరి చివర డయాలసిస్ గదిలో, వెనక్కి వాలే రెక్సిన్ కుర్చీలో పడి ఉంటాను. ఎడమ చేతికి లావుపాటి సూదులు రెండు. ఒకదాంట్లోంచి నా రక్తం గొట్టం వెంట బయటికి పోతుంది, మిషన్‌లో వడకట్టుకుంటుంది, రెండోదాంట్లోంచి మళ్ళీ ఇల్లు చేరుతుంది. ఒంట్లో చేరిన నీళ్ళు కూడా ఆ మిషనే లాగేస్తుంది. నాలుగు గంటలు కదలడానికి లేదు. ఇల్లు తగలబడనీ, ఇష్టపడ్డ పిల్ల గుమ్మంలో నిలబడనీ, కుర్చీ కుర్చీయే. ప్రతిసారీ అందులోంచి ప్రాణంతో లేవడం, అదొక్కటే నా ఉద్యోగం.

సూదులు పెట్టే చోట నరం లోపల ఎప్పుడూ ఒక జుమ్మనే సవ్వడి ఉంటుంది. వేలు ఆనించి చూస్తే సీసాలో పెట్టిన తేనెటీగ కొట్టుకున్నట్టుంటుంది. అది కొట్టుకుంటోందంటే నేను ఉన్నట్టు. నిద్రలో కూడా కుడి చేత్తో దాన్ని తడుముకుంటూ ఉంటాను.

మా నర్సు మకెరితక్కకి ఒకే ఒక్క చట్టం ఉంది. కుర్చీలో ఉన్నంతసేపూ తినకూడదు, తాగకూడదు. చిన్న ప్లాస్టిక్ గ్లాసులో కాసిని ఐసు ముక్కలు ఇస్తుంది, అవే చప్పరించాలి.

"నువ్వు తిన్నావనుకో, రక్తమంతా పొట్ట దగ్గరికి పరిగెడుతుంది. ఇటు మిషన్ నీళ్ళు లాగేస్తుంటుంది. ఇంక నీ తలకి పోయేదెవరు?" అంటుంది.

"నా తలకి ఎప్పుడూ ఎవరూ పోలేదక్కా. దానికి అలవాటే."

"అందుకే ఇంకా పెళ్ళి కాలేదు."

నవ్వుతుందే గానీ సంచులు వెతకడం మానదు. అయినా మాకు వేరే కాపలా అక్కర్లేదు. మా నోళ్ళే మమ్మల్ని పట్టిస్తాయి. ఎలాగంటే, మా దగ్గర తినేవాడు ఎదురుగా ఎవరు పోతున్నా పిలవాలి. "రండి, తిందాం" అనాలి. శత్రువైనా అనాలి, అప్పులవాడైనా అనాలి. పోయేవాడు "తిన్నాను, కానివ్వండి" అని తన దారిన పోవాలి. పిలిచేవాడికి పెట్టే ఉద్దేశం ఉండదు, పిలిపించుకున్నవాడికి కూర్చునే ఉద్దేశం ఉండదు. ఇద్దరికీ తెలుసు. కానీ ఆ రెండు మాటలూ పడకపోతే నోట్లో ముద్ద దిగదు. పాలు తాగే వయసు నుంచీ నూరిపోస్తారు కాబట్టి, మనం అనుకోనక్కర్లేదు, నోరే అనేస్తుంది.

ఒకవేళ పిలిచినవాడు నిజంగానే వచ్చి కూర్చున్నాడా, ఇంక అడిగింది లేదనకూడదు. ఆయన తినడం అయ్యాక గిన్నెలో నీళ్ళు, తువ్వాలు తెచ్చి చేతులు కడిగించాలి. చేతులు కడుక్కున్నాక మళ్ళీ తిండి ముట్టుకోరు. చిన్నప్పుడు ఆ గిన్నె పట్టుకునే పని నాదే. ఒకసారి పాస్టరుగారి ఒళ్ళో బోర్లించాను కూడా.

మా మూడో కుర్చీ అవుకుసో తాతది. కిటికీ పక్కది. ఊరిపెద్ద, గుమ్మం పట్టనంత మనిషి. ఒకరోజు దుప్పటి కింద పలుసామి దాచుకుని, కొబ్బరిపాలు కారుతున్న ఆ చేమాకుల పొట్లం విప్పి గుటుక్కున మింగబోతుంటే మకెరితక్క అటుగా పోయింది. పెద్దాయన నోరు ఊరుకోలేదు. "రా మకెరితా, తిందాం" అన్నాడు గంభీరంగా. ఆవిడ వచ్చింది. ఆయన ఎదురుగానే నిలబడి సగం తినేసి మిగతాది చెత్తబుట్టలో వేసింది. నేను నవ్వలేక నవ్వలేక చచ్చాను. నా మిషన్ కూడా కూతలు పెట్టింది.

అలాంటి తాత ఆ కుర్చీలోనే పోయాడు. ఆ సాయంత్రం జ్వరంతో నేను పెద్దాసుపత్రిలో ఉన్నాను. నర్సు వెనక గదిలో ఉన్నప్పుడు ఏదో తిన్నాడట, రక్తపోటు పడిపోయిందట, ఆవిడ వచ్చేసరికి అయిపోయిందట. చూసింది ఒక్క తేతే అత్తే. అత్త అసలు పేరు పెలెనతేతే. నా పక్కన, తలుపు వైపు కుర్చీ ఆవిడది. నాకు చుట్టరికం ఏమీ లేదు, తిట్టే తిట్లను బట్టి అత్తనుకున్నాను. తాత ఎలా పోయాడని ఎంత అడిగినా ఆవిడ ఒకటే మాట అనేది.

"మర్యాదకు పోయాడురా."

అంతకు మించి చెప్పేది కాదు. కిటికీ వైపు చూసేది కూడా కాదు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ వాన. కొండల మీద నుంచి సముద్రంలోకి అడ్డంగా కొడుతోంది. కిటికీ గాజు పలకలు సగం వాల్చి ఉన్నాయి. వాటి సందుల్లోంచి తడి మట్టి వాసన, మొసోయి పూల వాసన లోపలికి వస్తున్నాయి. లోపల ఎప్పుడూ ఉండేదే, మిషన్లు కడిగే వెనిగర్ పులుపు, మాసిన దుప్పట్ల చెమ్మ. మూడు కుర్చీల్లో ఇద్దరమే. తాత కుర్చీలోకి ఇంకా ఎవరినీ పెట్టలేదు. దాని రెక్సిన్ మీద ఆయన నడుము పడ్డ చోట గుంట అలాగే ఉంది.

అత్త ఐసు ఇచ్చిన వెంటనే కటకటా నమిలేసింది. ఆవిడంతే. నేను దాచుకునే రకం. చివరి గంటలో దాహానికి నాలుక అట్టలా అయినప్పుడు ఒక్కో బొట్టూ తాగుదామని గ్లాసు పక్కన పెట్టుకుంటాను. అది మెల్లగా కరుగుతుంటే చూడటమే నాకు సినిమా.

ఊళ్ళో సాయంత్రం ప్రార్థన గంట మోగింది. ఆ గంట మోగాక దారుల్లో ఎవరూ తిరగరు. కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడి తిరిగేవాళ్ళని కూర్చోబెడతారు. ఎక్కడో దూరంగా పాట మొదలైంది, వానలో కలిసిపోయింది.

అప్పుడు కరెంటు పోయింది.

మిషన్లు ఒక్కసారి కీచుమని, బ్యాటరీ మీద మళ్ళీ తిరగడం మొదలుపెట్టాయి. తెర మీద పచ్చటి అంకెలు తప్ప గదిలో వెలుగు లేదు.

"జనరేటరు తాళం వాచ్‌మన్ దగ్గరుంది. ఇప్పుడే వస్తాను. ఎవరూ కదలొద్దు," అంది మకెరితక్క.

"ఎక్కడికి కదుల్తామక్కా? నువ్వే కట్టేశావుగా."

ఆవిడ టార్చి వెలుగు వరండాలో ఊగుతూ ఊగుతూ పోయింది. అత్త గురక వినిపిస్తోంది. వాన. మిషన్ లోపల చక్రం తిరిగే చప్పుడు... గుర్... గుర్...

ఇక్కడ నా తెలివితేటలు చూడాలి మీరు. నా దుప్పటి కింద పంది మాంసం కూరిన బన్ను ఉంది. మా అక్క చేసిన కోకో కూడా ఉంది, చిన్న సీసాలో. ఇంటికి పోయేటప్పుడు దారిలో తిందామని తెచ్చుకున్నవి. తాత పోయిన కుర్చీ పక్కనే పడుకుని కూడా ఒక్క కాటుకి ఏమవుతుందిలే అనుకున్నాను. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. బన్ను తీశాను. ఇంకా వెచ్చగా ఉంది. కొరికాను.

నోట్లో ముద్ద ఉంది. కిటికీ పలకల అవతల నుంచి ఎవరో పోతున్నారు. మెల్లగా... బరువుగా... పలకల సందుల్లో ఒక నల్లటి ఆకారం ముక్కలు ముక్కలుగా కదిలింది.

నేను అనుకోలేదు. ఒట్టు. నోరే అంది.

"రండి, తిందాం."

అడుగులు ఆగిపోయాయి.

ముద్ద బుగ్గలోనే పెట్టుకుని ఎదురుచూశాను. తిన్నాను, కానివ్వండి. ఆ ఒక్క మాట రావాలి. వాన పలకల మీద పడి జారుతోంది. అవతల మనిషి కదల్లేదు. ప్రార్థన గంట మోగాక ఈ మనిషి ఎలా తిరుగుతోంది... అని అప్పుడు తట్టింది నాకు.

"వస్తున్నా."

ఆడగొంతు. గుసగుస. ఎండిపోయిన గొంతు.

తలుపు చప్పుడు కాలేదు. తడి కాళ్ళ చప్పుడు మాత్రం లోపలికి వచ్చింది. చప్... చప్... అత్త కుర్చీ దాటింది. నా కాళ్ళ దగ్గర నుంచి పోయింది. మొసోయి పూల వాసన గుప్పుమంది, దాని కింద ఇంకేదో... నిలవ నీళ్ళ వాసన. తాత కుర్చీ రెక్సిన్ ఉస్సుమంది, బరువైన మనిషి కూర్చుంటే గాలి పోయినట్టు.

నేను తల తిప్పలేదు. మర్యాద అనుకోండి. నా కళ్ళకి కనపడినంతవరకు చూశాను. పచ్చటి వెలుగులో రెండు పాదాలు. అవి ఉబ్బి ఉన్నాయి. చర్మం బిగదీసిన డోలులా మెరుస్తోంది. చెప్పు పట్టీ పడ్డ చోట లోతుగా గాడి. అలాంటి పాదాలు నాకు తెలుసు. మొదటిసారి నన్ను ఇక్కడికి మోసుకొచ్చినప్పుడు నావి అలాగే ఉన్నాయి. వేలితో నొక్కితే ఆ గుంట పూడేది కాదు.

"ఏం పెడతావు?"

బన్ను చాచాను. నా వేళ్ళకి తగిలిన వేళ్ళు... చేపల పెట్టెలో ఐసు కింద చెయ్యి పెట్టినట్టుంది. నమిలే చప్పుడు లేదు. మింగే చప్పుడు మాత్రం ఉంది. ఒకటి. ఇంకొకటి.

"దాహం."

కోకో సీసా ఇచ్చాను. గుటకలు మొదలయ్యాయి. గుటక... గుటక... గుటక... ఆ సీసాలో పట్టేది మూడు గుటకలు. అవి ఆగడం లేదు. చీకట్లో అలా తాగుతూనే ఉంది. సీసా నా చేతిలోకి తిరిగొచ్చింది. వేలు పెడితే మూతి దాకా కోకో తగిలింది, కానీ బరువు లేదు.

"ఇంకా."

"అయిపోయిందండీ."

"అతిథి దగ్గర దాస్తావా?"

చల్లటి వేలొకటి నా ఎడమ చేతి మీదుగా పోయింది. గొట్టం దగ్గర ఆగింది. టక్... టక్... గోటితో గొట్టం మీద మెల్లగా కొట్టింది.

"ఇది వెచ్చగా ఉంది."

"అది... అది తాగేది కాదండీ."

"నాకూ అలాగే చెప్పారు." ఆ గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "తాగకూడదన్నారు. అప్పుడు ఈ మిషన్లు లేవు. ఒళ్ళంతా నీళ్ళే. కాళ్ళలో నీళ్ళు, కళ్ళ కింద నీళ్ళు. గొంతులో చుక్క లేదు. మా వాళ్ళు కుండ గుమ్మం అవతల పెట్టేవాళ్ళు. వాళ్ళు ముంచుకుని తాగే చప్పుడు వినేదాన్ని. ఒక్కరు పిలవలేదు. నువ్వు పిలిచావు."

గొట్టం మీద వేళ్ళు బిగిశాయి.

నా కుడి చెయ్యి దానంతటదే నరం మీదకి పోయింది. తేనెటీగ కొట్టుకుంటోంది... కొట్టుకుంటోంది... ఆగి కొట్టుకుంటోంది. మిషన్ ఒకసారి కూసింది. తెర మీద అంకెలు కిందికి దిగుతున్నాయి. కాళ్ళలోంచి చలి పైకి పాకుతోంది. తల ఎవరో ఊది వదిలేసిన బుడగలా తేలిపోతోంది. మకెరితక్కా అని అరుద్దామనుకున్నాను. బుగ్గలో ముద్ద ఇంకా ఉంది. గాలి తప్ప ఏమీ రాలేదు.

లాక్కుని పరిగెడదామంటే రెండు సూదులు. ఊడితే మూడు నిమిషాలు చాలు, నేల మీద అంతా నేనే ఉంటాను. కూర్చుంటే ఇలా. జీవితంలో మొదటిసారి నాకు వేళాకోళం ఏదీ తోచలేదు.

"ఫెరేటీ."

గురక ఎప్పుడు ఆగిందో. అత్త కళ్ళు మూసుకునే ఉంది. పెదాలు మాత్రం కదిలాయి.

"అటు చూడకు. చేతులు కడిగించు."

"ఏంటత్తా..."

"అవుకుసో కడిగించలేదు. లేదు, అయిపోయింది అంటూ కూర్చున్నాడు. చేతులు కడిగించరా."

నీళ్ళెక్కడివి? అత్త గ్లాసు ఎప్పుడో ఖాళీ. పంపు గదికి ఆ చివర.

నా గ్లాసు ఉంది.

ఐసంతా కరిగి నీళ్ళయింది. రెండు గుటకలు. నవ్వకండి, ప్రాణం పోయేటప్పుడు కూడా ఆ గ్లాసు తీస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. మధ్యాహ్నం నుంచి దాచుకున్న నీళ్ళు. చీకట్లో అంచు తొణికి వేలి మీద చల్లగా పడింది. నాకేద్దామనిపించింది. నాకలేదు. ముద్ద బలవంతాన మింగాను. చిన్నప్పుడు మా అమ్మ నేర్పిన మాటలు ఎక్కడినుంచో వచ్చాయి.

"చేతులు కడుక్కోండి. మా శక్తికి ఇంతే. లోపాలుంటే మన్నించండి."

గొట్టం మీద వేళ్ళు కదల్లేదు.

వాన ఒక్క క్షణం సన్నబడింది. దూరంగా ప్రార్థన పాట చివరి చరణం వినపడింది. ఎంత దాహంతో ఉన్న మనిషో తెలుసు నాకు. ఆ దాహం నాకు తెలియనిది కాదు. రెండు గుటకల నీళ్ళు ముందు పెట్టి, తాగకండి, చేతులు కడుక్కోండి అంటున్నాను.

గ్లాసు నా చేతిలోంచి పోయింది.

నీళ్ళ చప్పుడు. చిన్నది.

"తుడుచుకోవడానికి?"

తువ్వాలు మర్చిపోయాను. దుప్పటి అంచు పట్టుకుని చాచాను. అటువైపు నుంచి అది మెల్లగా లాగబడింది, ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి, ఒక్కో వేలూ తుడుచుకుంటున్నట్టు. చాలాసేపు పట్టింది.

"మంచి పిల్లాడివి," అంది. "మీరూ మా దగ్గరికి రావాలి. పిలుస్తాను."

రెక్సిన్ ఉస్సుమంది. తడి అడుగులు నా కాళ్ళ పక్క నుంచి, అత్త పక్క నుంచి పోయాయి. నరం లోపల తేనెటీగ ఒక్కసారి ఉలిక్కిపడి మళ్ళీ జుమ్మంది.

దీపాలు వచ్చాయి. మకెరితక్క తడిసి ముద్దై పరిగెత్తుకొచ్చింది. నా తెర చూసింది. కుర్చీ తలవైపు కిందికి దించేసింది, గొట్టంలోకి సెలైన్ వదిలింది, రెండు చెంపల మీదా చిన్నగా తట్టింది.

"ఏం తిన్నావురా? నిజం చెప్పు."

"ఒక్క కాటక్కా."

ఆవిడ దుప్పటి లాగింది. బన్ను తాత కుర్చీ మీద ఉంది. నేను కొరికిన చోట తప్ప చెక్కు చెదరలేదు. ఆవిడ తీసి చూసి మొహం చిట్లించింది. తేనె పిండేసిన పట్టులా ఉంది, అంత తేలిక. సీసాలో కోకో రంగు ఉంది. వాసన లేదు. రెండూ చెత్తబుట్టలో వేసి అరగంట తిట్టింది. అంత హాయిగా నేనెప్పుడూ తిట్లు తినలేదు.

తిడుతున్నంతసేపూ నేను నేల చూస్తున్నాను. తడి అడుగులు లేవు. దుప్పటి అంచు పొడిగా ఉంది. గ్లాసు తాత కుర్చీ చేతి మీద ఉంది. అది కూడా పొడిగా ఉంది. నీళ్ళు వేళ్ళ మీద పడి ఉంటే కింద ఒక్క చుక్కైనా ఉండాలి కదా. రెక్సిన్ మీదైనా ఉండాలి.

"కడుక్కుందా అత్తా? తాగేసిందా?" అని అడిగాను, నర్సు అటు పోయాక.

అత్త గ్లాసు వైపు చూసి, మొహం తిప్పుకుంది. "తుడుచుకుంది కదరా," అంది. "తుడుచుకుందిగా." నాకు చెప్తోందో తనకు తను చెప్పుకుంటోందో అర్థం కాలేదు.

పోయేముందు బరువు చూస్తారు. మిషన్ ఎంత లాగిందో కాటాలో అంతే తగ్గాలి. నేను ఇంకో కిలో ఎక్కువ తగ్గాను. మకెరితక్క కాటాని కాలితో తన్నింది. తనే ఎక్కి చూసుకుంది. ఆవిడ బరువు సరిగ్గానే చూపించింది, ఆ దుఃఖంలో నా సంగతి మర్చిపోయింది.

ఆ తర్వాత నేను కుర్చీలో ఏమీ తినలేదు. దుప్పటి నేనే దులిపి చూపిస్తాను. మకెరితక్కకి నా మీద అనుమానం ఎక్కువైంది, ఇంత బుద్ధిగా ఎందుకున్నానని.

కానీ ఆవిడ మాట నిలబెట్టుకుంది. మకెరితక్క కాదు. రెండోది.

వాన పడుతున్న సాయంత్రాలు, గంట మోగాక, నర్సు లోపలి గదిలోకి పోయినప్పుడు, కిటికీ పలకల అవతల నుంచి వినిపిస్తుంది. మెల్లగా. మర్యాదగా.

"రండి, తిందాం."

మొదటిసారి విన్నప్పుడు కుర్చీలోంచి ఎగిరిపడబోతే అత్త నా చొక్కా పట్టుకుంది. కిటికీ వైపు చూడకుండానే, చీపురు అమ్మేవాడితో మాట్లాడినట్టు చెప్పింది.

"తిన్నాం. మీరు కానివ్వండి."

అవతల అడుగులు దూరమయ్యాయి.

"అంతే," అంది అత్త. "ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు అనాలి. తడబడకూడదు. ఏం పెడుతున్నారని అడక్కూడదు. పిలిచినవాళ్ళని అది అడిగామంటే కూర్చున్నట్టే లెక్క."

"నేనంత తిండిపోతునా అత్తా?"

"కాదా?"

ఆరు నెలలు ఇద్దరి తరఫునా ఆవిడే జవాబిచ్చింది. ఇప్పుడు అత్తని పొద్దుటి వాళ్ళలోకి మార్చారు. మనవడు బడికి పోతూ దారిలో దింపుతాడని ఆవిడే అడిగి మార్పించుకుంది. వెళ్ళేరోజు నా గడ్డం పట్టుకుని "నోరు జాగ్రత్తరా" అంది. నవ్వుతూ అనలేదు. ఇప్పుడు అటు ఖాళీ కుర్చీ, ఇటు ఖాళీ కుర్చీ, మధ్యలో నేను, రెండు సూదులు. జవాబు నేనే చెప్పుకోవాలి. చెప్పుకుంటున్నాను కూడా.

మొదట్లో కొట్టిన గొప్పలు వెనక్కి తీసుకుంటున్నాను. దెయ్యమంటే భయం లేనివాణ్ణి కాదు నేను. అయితే అంతకన్నా సిగ్గుచేటు సంగతి ఒకటుంది, అది మా అక్కకీ చెప్పలేదు, తేతే అత్తకీ చెప్పలేదు. ఆ పిలుపు వింటే నాకు ఒళ్ళు జలదరించాలి. జలదరించదు. నోరూరుతుంది. పలకల సందుల్లోంచి వేయించిన కోకో గింజల వాసన వస్తుంది, అన్నం వేసి కాచిన వేడి వేడి కోకో జావ, మా అమ్మమ్మ కొబ్బరిపాలు పోసి పొయ్యి మీద కాచేది. నెలల తరబడి గ్లాసు కొలతన తాగి బతుకుతున్న మనిషిని. ఆ ముంచే చప్పుడు కూడా వినిపిస్తుంది.

మొన్న శుక్రవారం వాన పడింది. గంట మోగింది. మకెరితక్క లోపలికి పోయింది. పిలుపు వచ్చింది. తిన్నాను, కానివ్వండి అందామని నోరు తెరిచాను.

"కొబ్బరిపాలు పోశారా?" అని అడిగాను.